మంగళవారం, బడి వదిలాక

టేలర్ స్విఫ్ట్ తన మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లను, అంటే వేరేవాళ్ళ చేతికి పోయిన అసలు రికార్డింగులను, కొనేసుకున్నానని 2025 మే 30న ప్రకటించింది. వార్తలన్నీ ఎన్ని కోట్ల డాలర్లన్న లెక్క చుట్టూ తిరిగాయి. దాంతోపాటు ఆమె తొలినాళ్ళ కథ కూడా మళ్ళీ బయటికొచ్చింది. ఆ కథని ఎప్పుడూ రెండు రకాలుగానే చెబుతారు. అభిమానులు చెప్పేదాంట్లో, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల, అమెరికా కంట్రీ సంగీతానికి (పల్లె పాటల్లోంచి పుట్టిన బాణీకి) కేంద్రమైన నాష్‌విల్‌లో, ఒక చిన్న కెఫేలో గిటారు పట్టుకుని పాడుతుంటే అక్కడ కూర్చున్న ఒక పెద్దమనిషి విని ఆమె దశ తిప్పేస్తాడు. గిట్టనివాళ్ళు చెప్పేదాంట్లో, షేర్ బ్రోకరు తండ్రి కూతురి కోసం రికార్డు కంపెనీలో వాటా కొంటాడు.

రెండూ జరిగినవే. కానీ రెండింట్లోనూ ఆ పిల్ల చేసిన పనేమిటో కనపడదు. ఒకదాంట్లో ఆమె ఎవరి కంటనో పడుతుంది, ఇంకోదాంట్లో ఎవరి డబ్బుతోనో పైకొస్తుంది.

నేననేది వేరు. 2004 నుంచి 2006 దాకా ఆమె చేసింది గాయని పని కాదు, రచయిత పని. పద్నాలుగేళ్ళకే పెద్ద కంపెనీ ఇచ్చిన గాయని ఒప్పందాన్ని వదులుకుని, పాటలు రాసే చోట కుదురుకుంది. ఆ తర్వాత వచ్చిన డబ్బుకీ, పేరుకీ, చివరికి మాస్టర్ల గొడవలో నిలబడగలగడానికీ మూలం అక్కడే ఉంది.

మనకిది చప్పున ఎక్కకపోవడానికి ఒక కారణముంది. మన సినిమా పాటలో రాసేవారొకరు, బాణీ కట్టేవారొకరు, పాడేవారొకరు. టీవీ పోటీల్లో పిల్లలు పాడేది ఇంకెవరో పాడగా విన్న పాటే. గాయని అనగానే మనం గొంతు చూస్తాం, శ్రుతి చూస్తాం, గమకం పలికిందా అని చూస్తాం. ఆ కొలతతో చూస్తే పదహారేళ్ళ టేలర్ స్విఫ్ట్ మామూలు గాయని. ఇది అభిమానులు కూడా ఒప్పుకోవాల్సిన మాట.

గొంతుతో వచ్చినవాళ్ళు

కంట్రీ సంగీతానికి చిన్నపిల్లలు కొత్త కాదు. టాన్యా టకర్ 1972లో పదమూడేళ్ళకి 'డెల్టా డాన్' పాడి కంట్రీ చార్టులో మొదటి పదిలోకి వచ్చింది. ఆ పాట రాసింది అలెక్స్ హార్వీ, లారీ కాలిన్స్. లీఆన్ రైమ్స్ 1996లో, ఆమెకీ అప్పుడు పదమూడే, 'బ్లూ' పాడింది. రాసింది బిల్ మ్యాక్ అనే టెక్సస్ రేడియో వ్యాఖ్యాత. మరుసటి ఏడు గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారిణి బహుమతి అందుకునేసరికి లీఆన్‌కి పద్నాలుగు. పాట మధ్యలో గొంతు విరిచి పైస్థాయికి ఎగరేసే యోడెల్ పద్ధతిని ఆమె ఎంత అలవోకగా పట్టుకుందంటే, ఆ వయసులో అలాంటి గొంతు మళ్ళీ రాలేదంటాను.

అదే లీఆన్ 2000లో, ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండకముందే, తన డబ్బు సరిగా చూడలేదని తండ్రి మీద దావా వేసింది. పన్నెండేళ్ళప్పుడు సంతకం చేసిన ఒప్పందం నుంచి విడిపించమని రికార్డు కంపెనీ మీద కూడా వేసింది. ఆ గొడవలు తర్వాత రాజీతో ముగిశాయి. న్యాయం ఎవరి వైపుందో తేల్చడం నా పని కాదు. నేను చూసేది, ఆ గొడవలోకి దిగినప్పుడు ఆమె చేతిలో ఏముందన్నది. గొంతుంది, పేరుంది. ఆ పేరు తెచ్చిన పాటలు వేరేవాళ్ళవి, రికార్డింగులు కంపెనీవి.

పెన్సిల్వేనియా పిల్ల టేలర్ పదకొండేళ్ళకి తల్లితో నాష్‌విల్ వచ్చి, డాలీ పార్టన్, డిక్సీ చిక్స్ పాటల్ని కరోకే మీద పాడిన డెమోలు (నమూనా రికార్డింగులు), రికార్డు కంపెనీలుండే వీధి మ్యూజిక్ రోలోని కంపెనీల్లో ఇచ్చి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. పిలవకపోవడంలో వింతేమీ లేదు. ఆ వీధిలో బల్లలు తుడిచేవాళ్ళు కూడా అంతకంటే బాగా పాడతారు. ఆ వైఫల్యం నుంచి ఆమె పట్టుకున్నది, నేను పాడగలను అన్న మాటకి అక్కడ విలువ లేదన్న సంగతి. పన్నెండేళ్ళకి పన్నెండు తీగల గిటారు పట్టి, తన పాటలు తానే కట్టడం మొదలుపెట్టింది.

ఆర్‌సీఏని వదులుకోవడం

పదమూడేళ్ళకి ఆర్‌సీఏ రికార్డ్స్ ఆమెతో డెవలప్‌మెంట్ డీల్ కుదుర్చుకుంది. ఈ మాట వినగానే ఆల్బమ్ ఒప్పందం అనుకుంటారు. కాదు. కంపెనీ స్టూడియో ఖర్చు పెట్టుకుంటుంది, డెమోలు చేయిస్తుంది, కొంతకాలం ఆ గాయని ఇంకెక్కడికీ వెళ్ళకుండా కట్టిపెడుతుంది. గడువు తీరాక ఆల్బమ్ తీయాలా, వదిలేయాలా, ఇంకొన్నాళ్ళు చూడాలా అన్నది కంపెనీ ఇష్టం. ఇందులో అసలు ప్రమాదం 'ఇంకొన్నాళ్ళు చూద్దాం' దగ్గరుంటుంది. వద్దంటే ఇంకో గడప తొక్కొచ్చు. చూద్దాం అంటే ఏళ్ళు గడిచిపోతాయి. అలా షెల్ఫ్ మీద ఉండిపోయి ఇంటిముఖం పట్టినవాళ్ళు నాష్‌విల్‌లో కొల్లలు.

ఏడాది తర్వాత ఆర్‌సీఏ చెప్పింది సరిగ్గా అదే. కంట్రీ రేడియో వినేది ముప్పై అయిదేళ్ళ గృహిణులు, పద్నాలుగేళ్ళ పిల్ల బాధలు వాళ్ళకెందుకు అన్నది అప్పటి మ్యూజిక్ రో లెక్క. పద్దెనిమిది వచ్చేదాకా ఆగాలి, అప్పుడు కూడా అనుభవమున్న రచయితల పాటలు పాడాలి. టేలర్ కుటుంబం ఆ ఒప్పందాన్ని వదులుకుని బయటికొచ్చేసింది. రాస్తున్న పాటలు ఆ వయసువి, ఆ వయసు దాటాక అవే పాటలు పాడితే నటించినట్టుంటుందన్నది ఆమె వాదన. ఈ వాదన రచయితకే తడుతుంది. గాయనికి ఆగితే పోయేదేమీ లేదు, పైగా గొంతు ఇంకా పదునెక్కుతుంది. స్కూల్ కారిడార్‌లో జరిగినదాన్ని ఆ వారమే రాసేవాళ్ళకి మాత్రం నాలుగేళ్ళు ఆగడమంటే సరుకంతా పాతబడిపోవడం.

ఇక్కడ డబ్బు సంగతి దాటెయ్యకూడదు. పెద్ద కంపెనీ కాగితాన్ని పద్నాలుగేళ్ళ పిల్ల వదిలేయగలిగిందంటే ఇంట్లో ఆ దన్ను ఉంది. తండ్రి స్కాట్ స్విఫ్ట్ మెరిల్ లించ్‌లో బ్రోకరు. ఉద్యోగం నాష్‌విల్ ఆఫీసుకి మార్చుకోగలిగాడు. కుటుంబం 2004లో పక్కనే సరస్సు ఒడ్డునున్న హెండర్సన్‌విల్‌కి మారింది. తర్వాత ఆమె ఆల్బమ్‌లు తీసిన రికార్డు కంపెనీ బిగ్ మెషీన్‌ని పెట్టినప్పుడు తండ్రి అందులో సుమారు మూడు శాతం వాటా కూడా కొన్నాడు. ఓక్లహోమాలో లారీ డ్రైవరు కూతురికి ఇవేవీ ఉండవు. అంతే తెలివితో అంతే బాగా రాసే పిల్ల ఆర్‌సీఏ కాగితాన్నే పట్టుకుని వేలాడుతూ ఉండిపోయేదేమో. ఈ అన్యాయాన్ని నా వాదన చెరపలేదు.

కానీ ఆ డబ్బు ఏం కొన్నదో చూడండి. నాష్‌విల్‌లో డబ్బున్న తండ్రులు చాలామందే ఉంటారు. మంచి ప్రొడ్యూసర్నీ, పెద్ద స్టూడియోనీ, సెషన్ వాయిద్యగాళ్ళనీ డబ్బిచ్చి పెట్టుకుని ఆల్బమ్ చేయించి, పెట్టెలకొద్దీ సీడీలు ఇంట్లో పేర్చుకున్నవాళ్ళున్నారు. స్విఫ్ట్‌ల డబ్బు కొన్నది ఇల్లు మారే వీలు, ఇంకో మాట కోసం ఆగే వీలు. పాటలు కొనిపెట్టలేదు.

గదిలో ఏం జరుగుతుంది

ఆర్‌సీఏ వదిలాక ఆమె చేరింది రికార్డు కంపెనీలో కాదు, సోనీ/ఏటీవీ అనే, పాటల హక్కులు చూసే పబ్లిషింగ్ కంపెనీలో. వాళ్ళు తీసుకున్న రచయితల్లో అప్పటికి అందరికంటే చిన్నది. కెఫే కథ చెప్పేవాళ్ళు ఈ మెట్టు ఎగరగొట్టేస్తారు.

పబ్లిషర్ రచయితకి నెలనెలా కొంత అడ్వాన్సు ఇస్తాడు. అది జీతం కాదు, ముందు ముందు రాబోయే రాయల్టీలోంచి మినహాయించుకునే అప్పు. బదులుగా రచయిత ఏడాదికి ఇన్ని పాటలని ఇవ్వాలి. కంపెనీ తన రచయితల్ని ఒకరితో ఒకర్ని కూర్చోబెడుతుంది. పొద్దున పదింటికొకటి, మధ్యాహ్నం రెండింటికొకటి, డాక్టరు అపాయింట్‌మెంట్‌లా. చిన్న గది, ఒక సోఫా, రెండు గిటార్లు. రెండు మూడు గంటల్లో పాట తయారవాలి. గదిలో ఎంతమందుంటే అన్ని సమాన వాటాలన్నది అక్కడి ఆనవాయితీ. ఒకరు పల్లవంతా రాసి ఇంకొకరు ఒక్క మాట మార్చినా సగం సగమే. మాటలు లెక్కపెట్టడం మొదలుపెడితే గదిలో ఎవరూ నోరు విప్పరని వాళ్ళకి అనుభవమ్మీద తెలుసు.

ఈ గదిలో చిన్నవాళ్ళకి జరిగే నష్టం ఒక్కటే. పెద్దవాళ్ళు పాట కట్టేస్తారు, చిన్నవాళ్ళు తలూపుతారు, పేరు మాత్రం ఇద్దరిదీ పడుతుంది. టేలర్‌కి ఈ భయముంది. ఇవాళ పద్నాలుగేళ్ళ పిల్లకి పాట రాసిపెట్టాలి కాబోలు అనుకుంటూ వస్తారని తెలిసి, ప్రతి అపాయింట్‌మెంట్‌కీ సగం కట్టిన ఆలోచనలు ఐదు నుంచి పది దాకా పట్టుకెళ్ళేదాన్నని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. బడి వదిలాక, వీపున పుస్తకాల సంచీతో.

అందరిలోకీ ఎక్కువ కుదిరింది లిజ్ రోజ్‌తో. ప్రతి మంగళవారం బడి అయ్యాక రెండు గంటలు. లిజ్ అప్పటికి నలభై దాటిన మనిషి, పాటల రచనలోకి ఆలస్యంగా వచ్చింది. తన పని ఎడిటింగేననీ, ఆ పిల్ల బడిలో జరిగినదంతా చెప్పుకుపోతుంటే అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూడటమేననీ ఆమె ఎన్నోసార్లు చెప్పింది. చాలామంది దీన్ని పెద్దమనసుతో అన్న మాటగా తీసుకుంటారు. నాకది పని వివరణలా వినపడుతుంది. మొదటి ఆల్బమ్‌లో పదకొండు పాటలుంటే ఏడింట్లో లిజ్ పేరుంది.

'టిమ్ మెగ్రా' ఎలా కట్టారో చూడండి. తొమ్మిదో తరగతి లెక్కల క్లాసులో కూనిరాగంగా మొదలైన పాట, లిజ్ దగ్గర ఇరవై నిమిషాల్లోపే పూర్తయిందంటారు. కుర్రాడు కాలేజీకి వెళ్ళిపోతున్నాడు, నన్ను గుర్తుపెట్టుకుంటావా అన్నది విషయం. ఇలాంటి పాటలు అప్పటికే వెయ్యి ఉన్నాయి. దీన్ని నిలబెట్టినవి వస్తువులు: ఒక షెవర్లే ట్రక్కు, ఒక నల్ల గౌను, మంచం కింద పెట్టెలో ఉత్తరం, రేడియోలో టిమ్ మెగ్రా. విరహమన్న మాట వాడకుండా నాలుగు వస్తువులు పెట్టి వదిలేయడం కంట్రీ పాటలో పాత విద్య. బతికున్న, అప్పటికింకా హిట్లిస్తున్న గాయకుడి పేరే శీర్షికగా పెట్టడం మాత్రం కొత్త ధైర్యం. రేడియోలో ఆయన పాట వచ్చిన ప్రతిసారీ ఈమె పాట గుర్తొస్తుంది.

శ్రుతుల్లో, అంటే గిటారు మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపుల్లో (కార్డ్స్), గొప్పేమీ లేదు. సి మేజర్‌లో సి, ఎ మైనర్, ఎఫ్, జి. నాష్‌విల్ వాయిద్యగాళ్ళు దీన్ని 1, 6-, 4, 5 అని అంకెల్లో రాసుకుంటారు. 6 పక్కనున్న గీత మైనర్ గుర్తు. గాయనికి పైస్థాయి అందకపోతే పాటని మొత్తంగా కిందికి దించినా కాగితం మార్చక్కర్లేదు, అవే అంకెలు. మూడు గంటల డెమో సెషన్‌లో నాలుగైదు పాటలు ముగించే ఊళ్ళో ఇది లేకపోతే పని జరగదు. నాలుగు శ్రుతులే తిప్పి తిప్పి వాడుతుందని టేలర్ని వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ ఊళ్ళో శ్రుతుల్ని ఎవరూ కొత్తగా కనిపెట్టరు. పల్లవి రెండోసారి వచ్చేసరికి అర్థం మారిందా లేదా అన్నదే పరీక్ష.

ఆ పరీక్షలో ఆమె నెగ్గిన పాట 'అవర్ సాంగ్'. తొమ్మిదో తరగతి టాలెంట్ షో కోసం ఒక్కతే రాసుకుంది. మనకంటూ ఒక పాట లేదే అని అమ్మాయి అడుగుతుంది. తలుపు చప్పుడూ, అర్ధరాత్రి గుసగుస ఫోనూ, ఇవే మన పాట అంటాడు అబ్బాయి. చివరి పల్లవి అయ్యేసరికి అమ్మాయే కాగితం రుమాలొకటి తీసి ఆ పాట రాసుకుంటుంది. మనం ఇప్పటిదాకా విన్నది అదేనని అప్పుడు తెలుస్తుంది. పదిహేనేళ్ళ పిల్ల ఒంటిచేత్తో ఇంత కట్టుదిట్టమైన ముగింపు కట్టింది. 

డెమోలు చేసిపెట్టిన కుర్రాడు నేథన్ చాప్‌మన్. అప్పటిదాకా ఒక్క ఆల్బమ్ కూడా ప్రొడ్యూస్ చేయలేదు. ఒప్పందం కుదిరాక పేరున్న ప్రొడ్యూసర్లతో ప్రయత్నించి చూశారు, కుదరలేదు. డెమోలో ఉన్న ఊపు పెద్ద స్టూడియోలో ఇగిరిపోవడం నాష్‌విల్‌లో మామూలే. డెమోలో గాయని తన వేగంలో, తనకి చేతనైన స్థాయిలో పాడుతుంది. పెద్ద సెషన్‌లో ఆరితేరిన వాయిద్యాలు ముందు కూర్చుంటాయి, గొంతు వాటి మీద ఆనించినట్టు వినపడుతుంది. ఆమెది అసలే సన్నటి గొంతు. చాప్‌మన్నే పెట్టమని పట్టుబట్టి సాధించుకుంది. కంపెనీ పేరు చూసి కాదు, పాట ఎలా వినపడాలో తెలిసి చేసిన ఎంపిక అది.

ఇంతకీ కెఫే. బ్లూబర్డ్ కెఫే ఒక దుకాణాల వరసలో ఉంటుంది, తొంభై మంది పడితే నిండిపోతుంది. అది గాయకుల వేదిక కాదు, రచయితల వేదిక. గుండ్రంగా కూర్చుని తాము రాసిన పాటలే పాడతారు. పాడుతుండగా బల్లల దగ్గర మాట్లాడితే ఊరుకోమంటారు. అభిమానుల కథలోని పెద్దమనిషి స్కాట్ బోర్చెటా అక్కడ విన్నది ఆమె రాసుకున్న పాటల్నే. ఆయన అప్పటికి యూనివర్సల్‌లో ఉద్యోగి. సొంత కంపెనీ పెడతానన్నాడు గానీ దానికింకా పేరు కూడా లేదు; అదే తర్వాత బిగ్ మెషీన్ అయింది. సోనీ/ఏటీవీలో ఆ గదులే లేకపోతే బ్లూబర్డ్‌లో పాడటానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు.

రేడియో ఎవరికి డబ్బిస్తుంది

అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రచయితకీ పబ్లిషర్‌కీ రాయల్టీ వస్తుంది. పాడినవాళ్ళకి రాదు, రికార్డు కంపెనీకీ రాదు. అక్కడి చట్టమే అంత. కంట్రీ అంటేనే ఆ రోజుల్లో రేడియో. బిల్‌బోర్డ్ కంట్రీ పాటల చార్టు అప్పట్లో పూర్తిగా రేడియో ప్రసారాల లెక్కే. అంటే ఇంకొకరు రాసిన పాటని నంబర్ వన్ చేసిన గాయనికి, దేశమంతా రోజుకి వేలసార్లు మోగినా ఆ మోతకి పైసా రాదు. కచేరీలకి పిలుపులొస్తాయి, అంతే.

ఆల్బమ్ అమ్మకంలో కూడా ఇదే తేడా. 2006 జనవరి నుంచి 2022 చివరిదాకా ఒక్కో పాటకి ఒక్కో కాపీకి చట్టం నిర్ణయించిన మెకానికల్ రాయల్టీ (కాపీ అమ్మినందుకు పాట రాసినవైపు వచ్చేది) 9.1 సెంట్లు. పది లక్షల కాపీలమ్మితే ఒక్క పాట మీద 91,000 డాలర్లు. కొత్తవాళ్ళ ఒప్పందాల్లో సాధారణంగా అందులో ముప్పాతికే ఇస్తామనే షరతు ఉంటుంది, అప్పుడది 68,250. ఇద్దరు రాస్తే సగం, ఆ సగంలో పబ్లిషర్ వాటా పోతుంది. తగ్గి తగ్గి వచ్చినా ఇది మొదటి కాపీ నుంచీ వస్తుంది. గాయని వాటా అలా కాదు. రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చులో కొంత, టూర్ల కోసం ఇచ్చింది, అన్నీ మినహాయించుకున్నాకే చేతికొస్తుంది. బాగా అమ్ముడైన ఆల్బమ్ తర్వాత కూడా కంపెనీకి బాకీగానే మిగిలిన గాయకులుండటానికి కారణమిదే.

తొలి ఆల్బమ్‌లో పదకొండు పాటల్లోనూ ఆమె పేరుంది, మూడు పూర్తిగా ఆమెవే. పదహారేళ్ళ కొత్త గాయనికి అప్పటి కంట్రీలో ఇది అరుదు.

రేడియో దాకా చేరడం మాత్రం రచనతో అయ్యే పని కాదు, అది ఒట్టి చాకిరీ. 2006 జూన్‌లో 'టిమ్ మెగ్రా' విడుదలైనప్పుడు బిగ్ మెషీన్‌లో పట్టుమని పదిమంది సిబ్బంది. ఆఫీసులో సామాన్లింకా రాలేదు. తల్లీ కూతుళ్ళు నేల మీద కూర్చుని సీడీలు కవర్లలో పెట్టి రేడియో స్టేషన్లకి పంపారు. తర్వాత నెలల తరబడి రేడియో టూరు. స్టేషన్ మీటింగ్ గదిలో ఐదారుగురి ముందు గిటారుతో రెండు మూడు పాటలు, బయటికొచ్చి ఇంకో ఊరు. ఇంట్లో చేసిన కుకీలు, చేత్తో రాసిన కృతజ్ఞతల కార్డులు. ప్లేలిస్టులో వారానికి ఒకటో రెండో కొత్త పాటలకే చోటుంటుంది. సోమవారం ఆ జాబితాలోకి ఎక్కకపోతే మళ్ళీ వారం ఎదురుచూపు. అలా ఎక్కీ ఎక్కీ ఆ పాట కంట్రీ చార్టులో ఆరో స్థానానికి చేరేసరికి 2007 వచ్చేసింది. ఆల్బమ్ 2006 అక్టోబరు 24న వచ్చి, మొదటి వారం సుమారు 40 వేల కాపీలతో అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో పంతొమ్మిదో స్థానంలో అడుగుపెట్టింది. ఐదో స్థానానికి ఎక్కడానికి ఏడాది దాటింది. ఎవరి డబ్బో పైకి తోసిన ఆల్బమ్ ఇలా నడవదు. తోపుడు మొదటివారమే కనపడుతుంది, తర్వాత జారుతుంది. ఇది 157 వారాలు బిల్‌బోర్డ్ 200లో ఉండిపోయింది. ఆ దశాబ్దంలో ఇంకే ఆల్బమూ అన్నాళ్ళు లేదు.

2007 డిసెంబరులో 'అవర్ సాంగ్' కంట్రీ నంబర్ వన్ అయి ఆరు వారాలు నిలిచింది. ఎవరి సాయమూ లేకుండా తానే రాసి పాడిన పాటతో ఆ స్థానానికి చేరినవాళ్ళలో అప్పటికి ఆమే అందరికంటే చిన్నది. ముప్పై అయిదేళ్ళ గృహిణులు వినరన్న పాట అది.

నన్ను ఆపే మాటలు

రాసింది లిజ్ రోజే, పిల్ల పేరు పెట్టారంతే అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 'అవర్ సాంగ్' చాలకపోతే 2010 నాటి 'స్పీక్ నౌ' ఉంది. పద్నాలుగు పాటలూ ఒక్కతే రాసింది, మొదటి వారమే పది లక్షల నలభై ఏడు వేల కాపీలు పోయాయి. దీని మీద ఇక వాదించడానికేమీ మిగల్లేదు.

గొంతు సంగతి అంత తేలిగ్గా తేలదు. 2010 గ్రామీల్లో పేరున్న రాక్ గాయని స్టీవీ నిక్స్ పక్కన నిలబడి పాడినప్పుడు శ్రుతి తప్పడం దేశమంతా విన్నది. అదే రాత్రి 'ఫియర్‌లెస్' ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అయింది. ఇలా పాడే మనిషికి ఇంత పెద్ద బహుమతా అని చాలామంది మండిపడ్డారు. గాయని కొలతతో చూస్తే వాళ్ళ కోపం సబబే. రచయితగా ఉన్న ఊపిరి గాయనిగా ఇంకా రాలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సాధన చేసి కూడదీసుకుంది. పదమూడేళ్ళ లీఆన్‌కి పుట్టుకతో వచ్చినది ఈమె కష్టపడి తెచ్చుకుంది, ఇప్పటికీ ఆ స్థాయికి రాలేదు.

నన్ను నిజంగా ఇబ్బందిపెట్టేది మూడోది. రచయిత కావడం అంత రక్షణే అయితే, మాస్టర్లు ఎలా పోయాయి? 2005 ఒప్పందం ఆరు ఆల్బమ్‌లకి. రికార్డింగులు కంపెనీవి. 2018 నవంబరులో గడువు తీరాక ఆమె వేరే కంపెనీకి మారింది. 2019లో బిగ్ మెషీన్‌తో పాటే ఆ మాస్టర్లూ ఇంకొకరి చేతికి పోయాయి, 2020లో మరొకరికి. పాటకీ, రికార్డింగుకీ హక్కులు వేరువేరు. పదిహేనేళ్ళ పిల్ల మొదటిదాన్ని కాపాడుకుంది, రెండోదాన్ని అప్పగించింది. తండ్రి షేర్ బ్రోకరై ఉండి కూడా. అప్పట్లో కొత్తవాళ్ళకి ఎవరూ మాస్టర్లు ఇవ్వరన్నది నిజమే. అయినా నా వాదనలో ఇక్కడొక చిల్లు ఉందని ఒప్పుకోవాలి.

కానీ పోయినదాన్ని దేనితో తెచ్చుకుందో చూడండి. మళ్ళీ రికార్డు చేయకూడదన్న షరతు మొదటి ఐదు ఆల్బమ్‌లకి 2020 నవంబరులో తీరింది. నిజానికి ఒకసారి విడుదలైన పాటని, చట్టం చెప్పిన రాయల్టీ కడితే ఎవరైనా మళ్ళీ పాడొచ్చు. దానికి రచయితే కానక్కర్లేదు. రచయితకి మాత్రమే ఉన్న బలం వేరే ఉంది. ఒక పాటని సినిమాలోనో, ప్రకటనలోనో వాడాలంటే రెండు అనుమతులు కావాలి: రికార్డింగు యజమానిది, పాట రాసినవారిది. రెండో తాళంచెవి ఆమె దగ్గరుంది. పాత రికార్డింగుకి కాదని కొత్తదానికి సరేనంటే, పాతది కొన్నవాళ్ళకి ఆ దారి మూసుకుపోయినట్టే. 2020 డిసెంబరులోనే కొత్తగా పాడిన 'లవ్ స్టోరీ' ముక్క ఒక టీవీ ప్రకటనలో వినిపించింది, ఆల్బమ్ రావడానికి నెలల ముందే. ఇంకొకరు రాసిన పాటల మీద పేరు తెచ్చుకున్న గాయనికి ఈ తాళంచెవి ఉండదు.

అలా మళ్ళీ పాడిన పాటల్లో ఒకటి 'ఆల్ టూ వెల్'. 2012లో 'రెడ్' ఆల్బమ్‌లో వచ్చినప్పుడు ఐదున్నర నిమిషాల పాట. రాసుకున్నది చాలా పొడుగై, ఎక్కడ కొయ్యాలో తెలియక లిజ్ రోజ్‌కి ఫోన్ చేస్తే, ఇద్దరూ కలిసి దాన్ని కత్తిరించారు. అప్పటికి మంగళవారాలు ఆగిపోయి చాలా రోజులైంది. 2021 నవంబరులో కత్తిరించని పది నిమిషాల రూపం విడుదల చేస్తే, లిజ్ తీయించిన ముక్కలన్నీ లోపల పెట్టుకునే అది అమెరికా చార్టులో నంబర్ వన్ అయింది. మంగళవారాల్లో నేర్చుకున్న విద్యంతా కత్తిరించడమే అని ఇంతసేపూ చెప్పిన నేను, ఆ పది నిమిషాలూ విన్న ప్రతిసారీ ఏ ముక్క తీసేయొచ్చో వెతుకుతాను. కొన్ని దొరుకుతాయి, ఒకటి రెండు చోట్ల మాత్రం కత్తెర పడకుండా ఉండాల్సిందే అనిపిస్తుంది. రాసినవారి పేర్ల దగ్గర రెండు రూపాలకీ అవే రెండు పేర్లున్నాయి.